మొండి బాకీ పుట్టుక

మనము బ్యాంకునందు దాచుకొన్న సొమ్ము పెట్టెలో నిదురించుచుండదు; దానినే బ్యాంకువారు మరొకరికి అప్పుగా నిత్తురు. ఆ యప్పుపై అసలుగాని వడ్డీగాని గడువు దాటి 90 దినములకు పైగా రాకున్నచో అది నిరర్థకమైన ఆస్తి యని లెక్కలలో వ్రాయవలయును. పంట ఋణముల లెక్క వేరు. వాడుకలో మనము మొండి బాకీ యనునది ఇదియే.

ఎగవేతగాండ్రు లేకపోలేదు. అయినను నింద యంతయు వారిపైననే మోపుట సరికాదని మా తలంపు. మన గోదావరి తీరమునే చూడుడు. కృష్ణా గోదావరి సముద్రగర్భమునందలి డి-6 క్షేత్రమునుండి 2009లో వాయువు వెలువడినది. ఇక దానికి కొదవ యుండదని నమ్మి కొందరు విద్యుత్కేంద్రములు కట్టబూనిరి. బ్యాంకులును అదే నమ్మకముతో అప్పులిచ్చినవి. దిగుబడి వేగముగా కుంగి, 2013 నాటికి విద్యుత్కేంద్రములకు ఆ వాయువు రాక నిలిచెను. వేమగిరివద్ద యంత్రములు బిగించిరిగాని నడుపుటకు వాయువేది? యంత్రము తిరుగకున్నను వడ్డీ పెరుగుచునే యుండును గదా!

ఇంతకంటె కీడైనది మరొకటి కలదు. బాకీ చెడినదని ఒప్పుకొన్నచో బ్యాంకు తన లాభమునుండి కొంత తీసి వేరుగా నుంచవలెను. అది యిష్టములేక కొన్ని బ్యాంకులు పాత వడ్డీ కట్టుకొనుటకే కొత్త అప్పునిచ్చి లెక్కను పచ్చగా నుంచినవి. 2015లో రిజర్వు బ్యాంకు ఆ లెక్కలను తరచి చూడగా దాగినవి బయటపడినవి. 2018 మార్చి నాటికి వాణిజ్య బ్యాంకుల అప్పులలో నూటికి 11 రూపాయలకు పైగా ఇట్టివే. పిమ్మట అవి తగ్గినవి. కొంత వసూలువలన, కొంత కొట్టివేతవలన. కొట్టివేసినంత మాత్రమున బాకీదారు ఋణము తీరదు. ప్రభుత్వరంగ బ్యాంకులకు కలిగిన లోటు పూడ్చుటకు మూలధనము ఖజానానుండియే రావలసివచ్చినది.