ఒక సీసీ డీజిలూ, దాని నెత్తిన మరా

మా ఊరు డొరగుడ అంటే తెలిసినవాళ్లకు ముందు తెల్లపొడి గుర్తొస్తుంది. బాఫ్లిమాలి కొండమీది ఎర్రమన్ను కన్వేయరు బెల్టెక్కి దిగొస్తుంది, ఉత్కళ్ అల్యూమినా కర్మాగారంలో తెల్లబడుతుంది, మళ్లీ ఎక్కడో స్మెల్టరులో లోహమవుతుంది. అల్యూమినియం దిమ్మ కొనుక్కొచ్చి ఇంట్లో లేతుకు బిగించినప్పుడల్లా ఇది మా ఊరి మన్నే అయివుండొచ్చని అనుకోవడం నాకో సరదా. ఆ దిమ్మ లోపల తొలిస్తే క్రాంక్‌కేసు. దాని మీద ఉక్కు లైనరు, లోపల పోత ఇనుప పిస్టను. మొత్తం కలిపి అరచేతిలో పడుతుంది. అది డీజిలు ఇంజను.

పక్కింటి కుర్రాడు తిప్పితిప్పి చూసి, "మావయ్యా, దీనికి పంపేదీ? ఇంజెక్టరేదీ?" అన్నాడు. వాళ్ల నాన్న గనిలో డంపరు నడుపుతాడు, కాబట్టి డీజిలుకు స్పార్కుప్లగ్గు ఉండదని వాడికి ముందే తెలుసు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

పెద్ద డీజిలులో పిస్టను వట్టి గాలిని నొక్కుతుంది. సైకిలు పంపు అడుగున వేలు పెట్టి గట్టిగా కొడితే కాలినట్టే ఆ గాలీ వేడెక్కుతుంది. ముప్ఫై డిగ్రీల గాలిని పదహారో వంతుకు నొక్కితే, వేడి ఎటూ పోదనుకుంటే, లెక్క ప్రకారం 600 డిగ్రీలు దాటాలి. సరిగ్గా ఆ సమయానికి ఇంజెక్టరు నూనె చిమ్ముతుంది, అంటుకుంటుంది. ఎప్పుడు అంటుకోవాలన్నది పంపు చేతిలో ఉంది. రుడాల్ఫ్ డీజిల్‌కు అలాంటి పంపు కుదరలేదు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నెగ్గిన ఆయన ఇంజనులోకి నూనెను కంప్రెసరు గాలితో ఊదాల్సి వచ్చింది. వాహనాలకు సరిపోయే పంపులు బాష్ కంపెనీ 1927 నుంచి వరసగా చేయడం మొదలుపెట్టాకే డీజిలు రోడ్డు మీదికి ధైర్యంగా దిగింది.

అదే పని ఒక సీసీ ఇంజనులో చేద్దామంటే లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఒక సీసీ గాలి బరువు సుమారు 1.2 మిల్లీగ్రాములు. దానికి సరిపడే నూనె పదిహేనో వంతు, అంటే 0.08 మిల్లీగ్రాములు. కొళాయి నుంచి జారే మామూలు బొట్టును దాదాపు 500 ముక్కలు చేస్తే ఒక ముక్క అది. నిమిషానికి 9,000 చుట్లు తిరిగే ఇంజనులో అలాంటి ముక్కలు సెకనుకు 150 కావాలి, ఒకదానికొకటి తేడా లేకుండా. దాన్ని కూడా పట్టుబట్టి చేసిన మహానుభావులు ఉన్నారు, వాళ్లకో దండం. ఇంట్లో చిన్న లేతు ఉన్న నాలాంటివాడి పని కాదది.

దానికి తోడు చిన్నదానికి ఇంకో శాపముంది. కొలతలన్నీ సగం చేస్తే లోపలి జాగా ఎనిమిదో వంతవుతుంది, గోడలు మాత్రం నాలుగో వంతే అవుతాయి. పుట్టిన వేడిని లాగేసే గోడ ఎక్కువ, వేడెక్కాల్సిన గాలి తక్కువ. ఆ 600 డిగ్రీలు కాగితం మీదే మిగులుతాయి.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో స్విట్జర్లాండ్‌లో వచ్చిన డైనో అనే రెండు సీసీల ఇంజను ఈ రెండు చిక్కులకూ ఒకేసారి విరుగుడు చూపించింది. అప్పటిదాకా బొమ్మ విమానాలు స్పార్కు ఇంజనుతో పాటు కాయిలూ, కండెన్సరూ, బ్యాటరీలూ మోసుకుని ఎగరలేక ఎగిరేవి. డైనోలో అవేవీ లేవు, ఇంజెక్టరూ లేదు. నూనెను ముందే గాలిలో కలిపి పీల్చుకుంటుంది. ఆ నూనెలో తేలిగ్గా అంటుకునే ఈథర్ ఉంటుంది. సుమారు 160 డిగ్రీలకే తనంతట తాను అంటుకునే ద్రవమది. ఈథర్, కిరసనాయిలు, ఆముదం, మూడూ సమపాళ్లు: ఇదీ పాత వంటకం. ఈథర్ నిప్పు పుట్టిస్తుంది, కిరసనాయిలు బలమిస్తుంది, ఆముదం బాగా వేడెక్కినా ఇనుమును వదలకుండా అంటిపెట్టుకుంటుంది. వరస తప్పి ఆముదాన్ని నేరుగా కిరసనాయిల్లో పోస్తే రెండూ సరిగా కలవవు. ముందు ఈథర్‌లో ఆముదం కలిపి, ఆపైన కిరసనాయిలు పోయాలి. ఈథర్ నిప్పుపెట్టడమే కాదు, ఆ రెండింటినీ కలిపే పనీ చేస్తుంది.

అయితే పంపు పోయాక సమయం ఎవరు చూస్తారు? నూనె మొదటినుంచీ గాలిలోనే ఉంది. ఎప్పుడు వేడి చాలితే అప్పుడు అంటుకుంటుంది. పిస్టను పైకి చేరకముందే అంటుకుంటే ఎదురు తన్నుతుంది, ఆలస్యమైతే బలం గొట్టంలోంచి పొగగా పోతుంది. 9,000 చుట్ల మీద క్రాంకు ఒక డిగ్రీ తిరగడానికి పట్టేది సెకనులో 54 వేలో వంతు.

నాకు ఈ యంత్రం మీద పిచ్చి పట్టించింది ఇక్కడి జవాబే. లైనరు పైకప్పు స్థిరంగా ఉండదు. అక్కడ ఇంకో బుల్లి పిస్టను బిగుతుగా కూర్చుని ఉంటుంది. దాన్ని ఎదురు పిస్టను అందాం. హెడ్డులోంచి దిగిన ఒక మర దాని వీపును తాకుతుంది. ఆ మరకు పైన అడ్డంగా చిన్న కడ్డీ, వేళ్లతో తిప్పడానికి. మర బిగిస్తే ఎదురు పిస్టను కిందికి దిగుతుంది, నొక్కుడు పెరుగుతుంది. వదులు చేస్తే? మరకూ దానికీ అతుకు లేదు, కాబట్టి మర దాన్ని పైకి లాగలేదు. లోపలి పేలుళ్లే దాన్ని తంతూ మర దాకా నెడతాయి. దించడం మనిషి పని, ఎత్తడం నిప్పు పని. ఇంత పొదుపైన ఏర్పాటు ఇంకో యంత్రంలో నేను చూడలేదు.

11 మిల్లీమీటర్ల బోరు, పదిన్నర స్ట్రోకు అనుకుందాం, ఒక సీసీ అవుతుంది. 16 రెట్ల నొక్కుడుకు పిస్టను పైన మిగిలే సందు 0.7 మిల్లీమీటర్లు. మామూలు ఎం4 మర ఒక చుట్టుకు దిగేదీ 0.7 మిల్లీమీటర్లే. అందుకని చుట్టులో ఎనిమిదో వంతు తిప్పితే నొక్కుడు 16 నుంచి 18 దాటుతుంది, పావు చుట్టుకు 21 అవుతుంది. నొక్కుడు పెరిగితే మిశ్రమం ముందుగా అంటుకుంటుంది. పేరుకు ఎత్తు సర్దే మర, నిజానికి అది సమయాన్ని సర్దుతోంది.

సర్దేది చెవి. తడబడుతూ నడిస్తే మర కొంచెం దించాలి. గట్టిగా టకటక కొడుతూ మందగిస్తే కొంచెం ఎత్తాలి. చల్లటి ఇంజను మొదలు కావాలంటే ఎక్కువ నొక్కుడు కావాలి, వేడెక్కాక వెనక్కి తీసుకోవాలి. విశాఖలో సర్దిన ఇంజను కొండెక్కితే మళ్లీ సర్దుకోవాలి. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పీడనం సముద్రతీరం కన్నా పదోవంతు తక్కువ. పీల్చే గాలి తగ్గింది కాబట్టి నూనెను కొలిచి వదిలే నీడిల్ కాస్త మూసి దాన్ని తగ్గించాలి. నొక్కిన గాలి వేడి పెద్దగా తగ్గకపోయినా పీడనం తగ్గుతుంది, పలచటి మిశ్రమం అంటుకోవడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, అందుకని మర కాస్త దించాలి. జనవరి పొద్దున ఈ కొండల చలిలో మరికాస్త.

ఇదంతా పనిచేసేది పిస్టను, లైనరు ఒకదానికొకటి కుదిరితేనే. ఇంత చిన్నదానికి రింగులుండవు, సందు కొన్ని మైక్రాన్లే. లేతు మీద ఆ కొలత రాదు, ల్యాపింగు చేయాలి. ఇందులో కిటుకేమిటంటే లైనరు కన్నా మెత్తటి ఇత్తడి కడ్డీకి గరుకు పొడి పూసి లోపల ఆడించాలి. గరుకు రేణువులు మెత్తటిదాంట్లో దిగబడి గట్టిదాన్ని కోస్తాయి. ఆ పొడుల్లో ఒకటి అల్యూమినాయే! లైనరును అడుగున ఒక వెంట్రుక వదులుగా, పైన బిగుతుగా తీయాలి. కిందికి వస్తే పిస్టను హాయిగా జారుతుంది, నొక్కాల్సిన చోట బిర్రవుతుంది. పిస్టనుకు పోత ఇనుమే ఎందుకంటే అందులోని గ్రాఫైటు, సన్నటి రంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి. లైనరులో నూనె వేసి, పిస్టనును పైకి నెట్టి వదిలితే గాలి స్ప్రింగులా వెనక్కి తన్నాలి. మెల్లగా నెట్టినా తన్నిందంటే ఇక భయం లేదు. ఇంకో జాగ్రత్త: మొదలు పెట్టేటప్పుడు లోపల నూనె ఎక్కువ పోయకూడదు. గాలి నలుగుతుంది గానీ నూనె నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ఇది నిజంగా డీజిలేనా అని గొణిగేవాళ్లున్నారు. నూనె చిమ్మడం లేదు కాబట్టి కాదంటారు. నాకు పట్టింపు లేదు. అయితే ఈ పద్ధతిని, అంటే ముందే కలిపిన మిశ్రమాన్ని నొక్కుడుతోనే అంటించడాన్ని, కార్లలో పెట్టడానికి జనరల్ మోటార్స్, మెర్సిడెస్ 2007 నాటికి ప్రయోగపు కార్లు నడిపి చూపించాయి. పొగ తక్కువ, మైలేజీ ఎక్కువ. అడ్డుపడింది సమయమే. రోడ్డు మీద వేగమూ బరువూ క్షణక్షణం మారుతుంటే పక్కన కూర్చుని మర తిప్పేవాడు ఉండడుగా. 2019లో మాజ్దా అమ్మకానికి తెచ్చిన ఇంజను కూడా సమయం కోసం స్పార్కుప్లగ్గు సాయం తీసుకుంటుంది.

బొమ్మ డీజిలుకు అసలు పోటీ 1947 ప్రాంతంలో అమెరికా నుంచి వచ్చింది. రే ఆర్డెన్ గ్లో ప్లగ్గులో సన్నటి ప్లాటినం తీగ, మిథనాలు ఆవిరి తగిలితే బ్యాటరీ తీసేశాక కూడా ఎర్రగానే ఉంటుంది. అదీ గొప్ప ఉపాయమే, కాదనను. అమెరికా గ్లో వైపు మొగ్గింది, ఇంగ్లండు మిల్స్ లాంటి చిన్న డీజిళ్లతో నిలబడింది. మిల్స్ నకళ్లు మన కలకత్తాలోనూ తయారయ్యాయి. మనకు కిరసనాయిలు రేషను షాపులో, ఆముదం గానుగలో దొరికే రోజులవి, మిథనాలు కోసం ఎవరు తిరుగుతారు? తర్వాత బ్యాటరీ మోటార్లు వచ్చి ఇద్దరినీ పక్కన పెట్టేశాయి.

ఇప్పుడు ఇబ్బంది ఈథర్‌తోనే. అమ్మేవాళ్లు సవాలక్ష ప్రశ్నలు అడుగుతారు, అడగడమూ న్యాయమే. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేలమీద పాకి ఎక్కడో ఉన్న పొయ్యిని వెతుక్కుంటుంది. పైగా 35 డిగ్రీలకే మరుగుతుంది. మే నెల విజయనగరంలో మూత సరిగా లేని సీసాలో మధ్యాహ్నానికి ఆముదం, కిరసనాయిలు మిగులుతాయి, ఇంజను ఎంత తిప్పినా పలకదు. ఈ ఒక్క విషయంలో కొండమీదివాళ్లం కాస్త నయం.