నర్సు ప్రాక్టీషనరు విద్య: రైతు కుటుంబములకు ఒక దీర్ఘకాల ప్రణాళిక

ఇంటర్మీడియెటు పరీక్షాఫలితములు వెలువడిన వెంటనే మన పల్లెలలో ప్రతి రైతు గృహమునందును ఒకే ప్రశ్న పుట్టుచున్నది: బిడ్డను ఇక నే చదువునకు పంపవలెను? జీవశాస్త్రము చదివిన బాలబాలికలకు వైద్యవిద్యలో స్థానము దొరకకున్నచో, ఆ చదువే వ్యర్థమైన దని తలిదండ్రులు చింతించుట కద్దు. అట్టివారు తెలిసికొనదగిన మార్గ మొకటి కలదు. అదియే నర్సు ప్రాక్టీషనరు విద్య. ఇది నాలుగు నెలల వేరుసెనగ పంట వంటిది కాదు, మామిడితోట వంటిది. కావున నాటుటకు ముందే దీని కాలమును, వ్యయమును, ఫలమును లెక్క వేసికొనుట మంచిది.

నర్సు ప్రాక్టీషనరు అన నెవరు? సామాన్యముగా నర్సు వైద్యుని ఆదేశము ననుసరించి రోగికి మందు లిచ్చును, పరిచర్య చేయును. నర్సు ప్రాక్టీషనరు దీనిపై మరికొంత చదివి, రోగిని స్వయముగా పరీక్షించుట, వ్యాధిలక్షణముల నిర్ణయించుట, విధింపబడిన హద్దులలో చికిత్స నడపుట నేర్చిన వ్యక్తి. ఈ పద్ధతి 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున ఆరంభమైనది. లొరెట్టా ఫోర్డు అను నర్సును, హెన్రీ సిల్వరు అను పిల్లల వైద్యుడును దీనికి మూలపురుషులు. వైద్యులు చాలని ప్రాంతములలోని పిల్లలకు చికిత్స అందింపవలె ననునదియే వారి ఉద్దేశము. అనగా ఈ విద్య పుట్టినదే పల్లెల కొరతను తీర్చుటకు.

మన దేశమున ఈ విద్యకు రెండు శాఖలు ముఖ్యమైనవి. మొదటిది క్రిటికల్ కేర్, అనగా ప్రాణాపాయస్థితిలో నున్న రోగులను ఐ.సి.యు.లో కాపాడు శాఖ. భారతీయ నర్సింగు కౌన్సిలు దీనిని రెండు సంవత్సరముల ఉన్నత విద్యగా రూపొందించినది. ఇందు పుస్తకపాఠము ఐదవ వంతు మాత్రమే. తక్కిన నాలుగు వంతులు రోగి మంచమువద్ద చేసి నేర్చుకొనవలసినవే. రెండవది ప్రసూతి శాఖ. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఫెర్నాండెజ్ సంస్థ తోడ్పాటుతో కరీంనగరమున ప్రసూతి నర్సుల శిక్షణ నారంభించినది. మరుసటి సంవత్సరము, 2018లో, కేంద్రప్రభుత్వము దేశమంతటికి మార్గదర్శక సూత్రములను ప్రకటించి, పదునెనిమిది నెలల శిక్షణ నేర్పాటు చేసినది.

ఈ ప్రసూతి శాఖ మన కెంత అవసరమో ఒక్క లెక్క చాలును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సవలననే జరిగినవి. దేశమంతటి సగటు 21.5 మాత్రమే. తల్లికి గాని బిడ్డకు గాని ఆపద కలిగినప్పుడు శస్త్రచికిత్స ప్రాణదాత యగును. అందు సందేహము లేదు. అవసరము లేనిచోట మాత్రము తల్లి దేహమునకును, రైతు సంచికిని అది భారమే. సహజమైన కాన్పును ఓర్పుతో నడపి, ఆపదను ముందుగా కనిపెట్టి వైద్యునికి తెలుపగల శిక్షితురాలు దగ్గరనున్నచో ఈ భారము కొంత తగ్గును.

ఇక మార్గక్రమమును వివరింతము. ఇంటర్మీడియెటులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఇంగ్లీషును చదివి, నూటికి 45కు తక్కువ గాని మార్కులు పొందినవారు బి.ఎస్‌సి. నర్సింగునకు అర్హులు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి కొంత సడలింపు కలదు. బాలురును చేరవచ్చును. ఈ చదువు నాలుగేండ్లు. అది ముగిసినంతట రాష్ట్ర నర్సుల కౌన్సిలునందు పేరు నమోదు చేయించుకొనవలెను. నమోదు లేనిదే నర్సుగా పనిచేయుటకు హక్కు లేదు. పిమ్మట కనీస మొక సంవత్సరము, సాధ్యమైనచో ఐ.సి.యు.లోనే, పని చేయవలెను. అటుపై క్రిటికల్ కేర్ నర్సు ప్రాక్టీషనరు విద్య రెండేండ్లు. పదునెనిమిదవ యేట బయలుదేరిన బిడ్డ ఆటంకములు లేకున్నచో ఇరువదియైదవ యేటికి గమ్యము చేరును.

మరియొక దారి జి.ఎన్.ఎం. అను మూడేండ్ల డిప్లొమా. దీనికి ఇంటర్మీడియెటులో ఏ విషయములు చదివినను చాలును. ఉద్యోగము చేయుచు కొంత సొమ్ము కూడబెట్టుకొని, తరువాత రెండేండ్ల పోస్టు బేసిక్ బి.ఎస్‌సి. చదివి, పై మెట్టున కెక్కవచ్చును. ప్రసూతి శాఖకు మాత్రము జి.ఎన్.ఎం. వారును, కాన్పులు చేసిన అనుభవ మున్నచో, అర్హులే. దారి కొంత పొడవైనను పేద కుటుంబమునకు ఇదియే సుగమము.

మామిడితోట పెట్టిన వివేకి యగు రైతు చెట్లు కాపునకు వచ్చు వరకు నడుమ అంతరపంట వేసికొనును గదా! ఇచ్చటను అట్లే. నమోదైన నర్సు చేతికి జీతము వచ్చును. పై చదువు మాని నిలిచిపోయినను జీవనమునకు లోటుండదు. ప్రతి మెట్టును దానికదియే నిలుచునట్లు ప్రణాళిక వేసికొనుటయే ఇందలి రహస్యము. పదేండ్ల చివర రాబోవు జీతమును నమ్మి మొదటి యేటనే పొలము నమ్ముట తగదు.

పట్టణమునకు బిడ్డను పంపువారు హైదరాబాదులోని రెండు పేటలను గుర్తింపవలెను. అమీరుపేటయందు మైత్రీవనము చుట్టును శిక్షణాలయముల బోర్డులు, విద్యార్థుల వసతిగృహములు కిక్కిరిసి యున్నవి. అచ్చటినుండి మెట్రో రైలులో తరువాతి స్టేషనే పంజగుట్ట. అచ్చట నిమ్స్ అని పిలువబడు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ కలదు. 1964లో ఎముకల వైద్యశాలగా ఆరంభమైన ఈ సంస్థ 1989 నాటి చట్టముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందినది. జిల్లాలనుండి మన రైతులు గుండె, మూత్రపిండముల వ్యాధులకై వచ్చు నీ చోటనే నర్సింగు కళాశాలయు నున్నది. ఈ రెండు పేటల భేదమును మరువరాదు. అమీరుపేటలో ఇంగ్లీషు గాని, విదేశీ పరీక్షల పాఠములు గాని నేర్చుకొనవచ్చును. నర్సు విద్య మాత్రము రోగులున్న ఆసుపత్రియందే అబ్బును. కొలది నెలలలో నర్సును చేసెద మనియు, పట్టా నిచ్చెద మనియు చెప్పు బోర్డులను నమ్మరాదు. కళాశాలకు కౌన్సిలు గుర్తింపును, ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయ సంబంధమును ఉన్నవా, అనుబంధముగా రోగులతో నిండిన ఆసుపత్రి యున్నదా అని విచారించిన పిమ్మటనే రుసుము చెల్లింపవలెను.

ధనవిషయము. మొదట ప్రభుత్వ కళాశాలలకు ప్రయత్నింపవలెను. అర్హులైనవారు రుసుముల తిరిగి చెల్లింపు పథకమునకు దరఖాస్తు చేసికొనవలెను. అదియు చాలనిచో బ్యాంకు విద్యాఋణము కలదు. కేంద్రప్రభుత్వ హామీ పథకము క్రింద ఏడున్నర లక్షల రూపాయల వరకు భూమి తాకట్టు లేకయే ఋణము పొందవచ్చును. చదువు ముగిసిన పిమ్మట సాధారణముగా ఒక సంవత్సరము గడచువరకు వాయిదాలు మొదలుకావు. అయినను ఆ కాలమున వడ్డీ పెరుగుచునే యుండు నని గ్రహింపవలెను. పంటకై తెచ్చిన ఋణమును చదువునకు వాడినచో రెండును చెడును.

మరి రెండు సంగతులు దాపరికము లేక చెప్పవలసియున్నవి. మన దేశమున నర్సు ప్రాక్టీషనరు స్వతంత్రవైద్యుడు కాడు. ఆసుపత్రి నిర్ణయించిన విధానముల హద్దులలోనే పని చేయవలెను. అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో మందులు వ్రాయు స్వాతంత్ర్యమే కలదు గాని, అందులకు అచ్చటి నర్సు పరీక్షయందు నెగ్గి, అచ్చటి ఉన్నత పట్టమును, రాష్ట్ర అనుమతిని పొందవలెను. ఇచ్చటి పట్టము నేరుగా అచ్చట చెల్లదు. రెండవది, 1947 నాటి నర్సింగు కౌన్సిలు చట్టము స్థానమున క్రొత్త కమిషను నేర్పరచుటకై 2023లో పార్లమెంటు చట్టము చేసినది. కావున ఏ మెట్టెక్కుటకు ముందైనను ఆనాటి నిబంధనలను విచారించుట అవసరము.

కడపటి మాట తలిదండ్రులకు. ఈ ప్రణాళిక ఎక్కువగా తెగిపోవునది పరీక్షలలో కాదు, నడిమి యేండ్లలో. ఆడబిడ్డకు నమోదు కాకమునుపే వివాహము నిశ్చయించి చదువు మాన్పించుట, రాత్రి విధులను జూచి లోకులేమందురో యని వెనుకకు పిలుచుట — ఇవి కాపునకు రానున్న చెట్టును నరకుటయే యగును. చేరుటకు ముందే బిడ్డతోడను, ఇంటి పెద్దలతోడను ఏడేండ్ల లెక్కను మాటాడి కాగితముపై వ్రాసికొనుడు. ఏ యేట ఎంత వ్యయము, ఏ యేట ఎంత రాబడి, ఎచ్చట ఆగవచ్చును, ఎచ్చట ఆగరాదు అను నాలుగు గీతలు చాలును. మన సంఘసభ్యులు విత్తనమును పరీక్షించి నాటుదురు. బిడ్డ చదువును గూడ అంతటి శ్రద్ధతో నారంభింతురు గాక!