నీటి ఋణం
ధవళేశ్వరంలోని కాటన్ బంగళా కోనసీమ ముస్లిములకు చెప్పే పాఠం

భూమిపై సంచరించండి, మీకు పూర్వం గడిచిపోయిన వారి సంగతి గమనించండి అని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ఆదేశిస్తుంది. మనం ప్రయాణాలు చేయకపోలేదు. ఉర్సులకు వెళతాం, పెళ్ళిళ్ళకు వెళతాం, సెలవులు వస్తే పిల్లలను తీసుకుని హైదరాబాదు వెళ్ళి చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూసివస్తాం. కాని మనం తినే అన్నం, మన మస్జిదులో వుజూ చేసే నీరు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పే ఇల్లు ఒకటి మన పక్కనే ఉంది. అమలాపురం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. కొత్తపేట, రావులపాలెం మీదుగా పోతే రెండు గంటలు కూడా పట్టదు. అదే ధవళేశ్వరంలోని సర్ ఆర్థర్ కాటన్ మ్యూజియం.

గోదావరి ఆనకట్ట పనులు జరిగే రోజుల్లో కాటన్ దొర బసచేసిన బంగళాగా దీనికి పేరు. ఆయన జీవితానికి సంబంధించిన చిత్రపటాలు, ఆనకట్ట నిర్మాణాన్ని కళ్ళకు కట్టే నమూనాలు, డెల్టా కాలువల పటాలు లోపల ఉన్నాయి. ఆనాటి పనిలో వాడిన పాత యంత్రాలను కూడా భద్రపరిచారు. తుప్పు పట్టిన ఆ ఇనుము ముందు పిల్లలు ఎక్కువసేపు ఆగుతారు. పెద్దలు ఆగవలసింది మాత్రం పటాల ముందు. గౌతమికీ వసిష్ఠకూ మధ్య త్రికోణంలా కనిపించే భాగమే మన కోనసీమ. దాని నిండా చెట్టు వేళ్ళలా పాకిన గీతలే మన కాలువలు.

కరువు సీమ

కోనసీమ అంటే ఇప్పుడు కొబ్బరి తోట, వరి చేను, పచ్చదనం. ఈ పేరు వింటే ఆకలి గుర్తుకు రాదు. కాని రెండు వందల ఏళ్ళ క్రితం సంగతి వేరు. గోదావరి పక్కనే పారుతున్నా నీరు చేనికెక్కేది కాదు. వరదొస్తే ముంచేది, వరద పోతే సముద్రంలో కలిసిపోయేది. 1832-33లో వచ్చిన నందన కరువు ఊళ్ళను తుడిచిపెట్టింది. 1839లో ఉప్పెన కోరంగి తీరాన్ని ముంచింది. నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు కాగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఆ లెక్కలో చనిపోయినవారున్నారు, పొట్ట చేతపట్టుకుని వలసపోయినవారున్నారు.

ఆ కాలంలో ఈ జిల్లాకు వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్. 1803లో ఇంగ్లండులో జన్మించాడు. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో మద్రాసు వచ్చాడు. కావేరిపై పనిచేసి, రెండువేల ఏళ్ళనాటి కల్లణైని శ్రద్ధగా పరిశీలించాడు. ఇసుక నేలమీద పునాది నిలబెట్టడం ఎలాగో ఈ దేశపు పూర్వికుల దగ్గరే నేర్చుకున్నామని ఆయన స్వయంగా ఒప్పుకున్నాడు. విజ్ఞానం ఏ ఒక్క జాతి సొత్తూ కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇసుకపై నిలిచిన గోడ

ధవళేశ్వరం దగ్గర గోదావరి అడుగున రాయి లేదు, లోతైన ఇసుకే. అందువల్ల ఇసుకలో బావులు దింపి, వాటిమీద గోడ లేపి, దిగువన బరువైన రాళ్ళు పరిచారు. ధవళేశ్వరం కొండను తొలిచి ఆ రాయి తెచ్చారు. నది మధ్యలోని లంకలను ఆసరాగా తీసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టారు. 1847లో మొదలై 1852లో పూర్తయింది. నడుమ కాటన్ జబ్బుపడి కొంతకాలం సెలవుపై వెళ్ళవలసివచ్చినా పని ఆగలేదు.

ఆ పని ఒక్కడి చేతిమీదుగా జరిగింది కాదు. కాటన్‌కు కుడిభుజంగా నిలిచి, కూలీలను కూడగట్టి నడిపించిన తెలుగువాడు వీణం వీరన్న. ఆయన సేవకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. ఆ వీరన్న వెనుక వేలాదిమంది ఉన్నారు. రాళ్ళు కొట్టినవారు, సున్నం కాల్చినవారు, మండుటెండలో ఇసుక తవ్వినవారు. వారి పేర్లు ఏ పటం కిందా రాసిలేవు. అందులో ఎవరు ఏ మతంవారో, ఏ కులంవారో నీటికి తెలియదు. వారి చెమట మాత్రం ఈనాటికీ మన కాలువలో పారుతోంది.

మరోమాట. పాత ఆనకట్ట ఇప్పుడు లేదు. దాని స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజీ ఉంది. నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. దాదాపు పది లక్షల ఎకరాలకు నీరందుతుంది. అందులో మధ్య డెల్టా, అంటే మన కోనసీమ వాటా సుమారు రెండు లక్షల ఎకరాలు.

దండ వేయాలా?

గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం లేని పట్టణం అరుదు. ఊరూరా ఆయన జయంతికి దండలు వేస్తారు. కొందరైతే పితృకర్మల వేళ సంకల్పంలో ఆయన పేరు తలుస్తారు. ఇది చూసిన ముస్లిం పిల్లలకు సహజంగానే ఒక ప్రశ్న వస్తుంది. మనం ఏం చేయాలి?

మన ధర్మం దీనికి స్పష్టమైన జవాబు చెబుతుంది. ఆరాధన అల్లాహ్‌కు మాత్రమే. ఎంతటి మేలు చేసినవాడైనా మనిషి మనిషే. వర్షం కురిపించేవాడు, నదిని పారించేవాడు, మనిషికి బుద్ధినిచ్చినవాడు ఆ ప్రభువే. అయితే ప్రజలకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. కాబట్టి విగ్రహం ముందు తలవంచనంత మాత్రాన మేలును మరిచినవారం కానక్కరలేదు. మంచిని మంచి అని చెప్పడం, దాన్ని పిల్లలకు నేర్పడం, చేతనైతే అలాంటి పని మనమూ చేయడం - ఇదే మనం వేయగల దండ.

కృతజ్ఞతతోపాటు న్యాయం కూడా కావాలి. కాటన్‌ను నియమించింది ఈస్టిండియా కంపెనీ. శిస్తు గుంజిన కంపెనీ, దశాబ్దాల తరబడి చెరువులనూ కాలువలనూ పట్టించుకోని కంపెనీ. ఆనకట్టకు డబ్బు మంజూరు చేసింది కేవలం దయతో కాదు, శిస్తు పెరుగుతుందన్న లెక్కతో కూడా. ఆ దొరతనంలోనే 1876-78 నాటి ఘోర కరువు లక్షలాది ప్రాణాలు తీసింది. రైళ్ళకు పోసే డబ్బు కాలువలకు పోయండని జీవితమంతా వాదించిన కాటన్‌ను 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబెట్టి ప్రశ్నలు గుప్పించారు. ఆయన తన మాట మార్చుకోలేదు. 1899లో ఆయన కన్నుమూశారు. ఒక జాతిపై ఉన్న కోపం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదని ఖుర్ఆన్ హెచ్చరిస్తుంది. పాలన చేసిన అన్యాయాన్ని అన్యాయమనాలి, అందులోని ఒక మనిషి చేసిన మేలును మేలనాలి. రెండూ ఒకే నోటితో చెప్పగలగడమే న్యాయం.

మన చరిత్రలో నీరు

నీటి సేవ మనకు కొత్త కాదు. మదీనాలో తీపినీటి బావి ఒకరి సొంతం కాగా, ముస్లిములు కొనుక్కుని తాగవలసివచ్చేది. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో ఆ రూమా బావిని కొని అందరికీ వక్ఫ్ చేశారు. తల్లి మరణించాక ఏ దానం శ్రేష్ఠమని హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (రజి) అడిగితే, నీరు అని ప్రవక్త (స) జవాబిచ్చారు. ఆయన బావి తవ్వించి తల్లి పేరిట అంకితం చేశారు. ఖలీఫా హారూన్ రషీద్ సతీమణి జుబైదా, హాజీల దాహం చూడలేక కొండలను తొలిపించి మక్కాకు నీటి కాలువ వేయించారు. నహ్రె జుబైదా పేరు వినని హాజీ ఉండడు. దాదాపు పన్నెండు వందల ఏళ్ళనాటి మాట ఇది.

అంతదూరం పోనక్కరలేదు. మన తెలుగునేలపైనే మంజీర నదిమీద 1923-31 మధ్య నిజాంసాగర్ ప్రాజెక్టును కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జూలై 11ని తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. కాటన్ పేరు తెలిసిన మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? మనిషి చనిపోయాక కూడా పుణ్యం చేరుతూ ఉండే పనుల్లో సదఖయె జారియా ఒకటి. పారే దానం అని దాని అర్థం. కాలువకు ఇంతకంటె తగిన పేరు లేదు.

కాలువ గట్టున మన బాధ్యత

రాజోలు వైపు కుటుంబాలు పి.గన్నవరం మీదుగా వస్తే దారిలోనే మరో పాఠం ఉంది. వైనతేయ పాయను దాటించి అవతలి సీమకు నీరు పంపడానికి ఆనకట్ట పూర్తయిన రోజుల్లోనే, 1852లో, 49 కమానులతో అక్విడెక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. దాని పక్కనే 2000లో కట్టిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కులమతాలు అడగకుండా ఆకలన్నవారికి అన్నం పెట్టిన తల్లి ఆమె. నీటి వంతెనకు అన్నదాత పేరు. తగినట్టే ఉంది.

ఆ వంతెన మీద ఒక్క నిమిషం ఆగి కిందకు చూస్తే మాత్రం మనసు బాధపడుతుంది. ప్లాస్టిక్ సంచులు, కోళ్ళ వ్యర్థాలు, మురుగు, గుర్రపుడెక్క. తెచ్చి పారేసినవారిలో మనమూ ఉన్నాం. పండుగనాడు ఖుర్బానీ వ్యర్థాలు కాలువలో వేసే అలవాటు ఏ ఊళ్ళోనైనా ఉంటే అది ఈ వారమే మానుకోవలసిన అలవాటు. జనం వాడే నీటి రేవులను, దారులను, నీడపట్టులను మలినం చేయడాన్ని ప్రవక్త (స) గట్టిగా నిషేధించారు.

మురుగు కాలువలు పూడిపోతే చేలు మునుగుతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టిన కారణాల్లో గిట్టుబాటు ధర లేకపోవడంతోపాటు ఈ ముంపు కూడా ఉంది. కాలువ నీరు సరిగా అందని శివారు ఊళ్ళలో భూమిలోకి ఉప్పునీరు చొచ్చుకొస్తోంది. మీరు తాగే నీటిని మేము తలచుకుంటే చేదుగా, ఉప్పగా మార్చగలం, మరి కృతజ్ఞులు కారెందుకు అని వాఖియా సూరాలో అల్లాహ్ ప్రశ్నిస్తాడు. సముద్రం ఒడ్డున ఉన్న మనకు ఆ ప్రశ్న ఎంత దగ్గరదో వేరే చెప్పాలా?

గల్ఫులో పనిచేస్తున్న మన బిడ్డలను అడగండి. అక్కడ తాగునీటిలో ఎక్కువ భాగం సముద్రపు నీటిని శుద్ధిచేసి తీసినదే. చుక్కచుక్కకూ ఖర్చు. ఇక్కడ మనం కుళాయి తిప్పి వదిలేసి వుజూ చేస్తూ కబుర్లు చెప్పుకుంటాం. ప్రవక్త (స) ఒక ముద్, అంటే ముప్పావు లీటరు మోతాదు నీటితో వుజూ ముగించేవారు. పారే నది ఒడ్డున ఉన్నా వృథా చేయవద్దన్న హదీసు ఇబ్నెమాజాలో ఉంది. గోదావరి ఒడ్డువారికోసమే చెప్పినట్టుంది ఆ మాట.

చూసి రండి

బంగళా చూశాక బ్యారేజీ మీద నడిచి రండి. వరదల కాలంలో అయితే పిల్లల చేయి వదలకండి. అటునుంచి రాజమండ్రి వెళితే మెయిన్ రోడ్డులో హిజ్రీ 724, అంటే క్రీ.శ. 1324 నాటి శిలాశాసనం ఉన్న జామె మసీదు ఉంది. జొహర్ నమాజు అక్కడ చేసుకోవచ్చు. తిరుగుదారిలో బ్యారేజీ దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా వస్తే ఇంట్లోవాళ్ళకు పూతరేకులూ దొరుకుతాయి, కాలువ తల ఎక్కడ మొదలవుతుందో పిల్లలు కళ్ళారా చూస్తారు.

ఇంటికి చేరాక ఆ రాత్రి పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి. మనం పోయాక కూడా నలుగురికి ఉపయోగపడేలా మన కుటుంబం ఏం చేయగలదు? మస్జిదు కుళాయిలు బాగుచేయించడం కావచ్చు. వీధిలో చలివేంద్రం పెట్టడం కావచ్చు. ఊరి కాలువ పూడిక తీసే రోజున ఇరుగుపొరుగు హిందూ సోదరులతో కలిసి పార పట్టడం కావచ్చు. చిన్నపనే. కాని పారే దానం.

అల్లాహ్ మన నీటిని తీపిగా ఉంచుగాక, దాని విలువ తెలిసిన బుద్ధిని మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.