మేదస్సులో దాగిన వనస్పతి

ఎర్రగుంట్లలో మా ప్రక్కింటి ఇల్లాలు మొన్న ఒకనాడు వచ్చి, "అక్కా, నెయ్యిలో గూడా ట్రాన్స్ కొవ్వు ఉండాదంట గదా! పిల్లోళ్లకు మాన్పియ్యల్లనా?" అని అడిగినది. ఆ సమయముననే ఆమె పిల్లలు బేకరీ పఫ్‌లు తినుచున్నారు. ఈ సందేహము అనేక గృహములలో ఉన్నదే గనుక వివరించుచున్నాను.

నూనె ద్రవముగా ఉండుటకు దాని అణువులలోని వంపులే కారణము. నికెల్ సాయముతో హైడ్రోజన్ వాయువును నూనెలోనికి పంపినపుడు కొన్ని వంపులు తిన్ననై, నూనె గడ్డకట్టును. అట్లు తిన్నబడిన రూపమే ట్రాన్స్ కొవ్వు. 1937లో డాల్డా మన అంగళ్లకు వచ్చినది మొదలు, వనస్పతి నెయ్యికి చౌక ప్రత్యామ్నాయమైనది. చెనిక్కాయలు పండు సీమలో ఉండియు, మా చిన్నతనమున పండుగ ఓళిగలకు, లడ్లకు వనస్పతినే వాడినాము.

తిన్నది ఎక్కడికి పోవును? ఆయుర్వేదము సప్తధాతువులలో నాలుగవదిగా చెప్పిన మేదస్సులో నిలువయగును. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వును మన దేహము స్వయముగా తయారుచేసికొనజాలదు. కావున చర్మము క్రింది కొవ్వును సూదితో తీసి పరీక్షించినచో, గడచిన రెండు మూడేండ్ల భోజనము అందు తెలియును. 1957లోనే అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రెడ్ కుమ్మరో బృందము మానవ దేహ కణజాలములో ఈ కొవ్వు ఉన్నదని వెల్లడించినది. అది రక్తములో చెడు కొలెస్టరాల్‌ను పెంచి, మంచి కొలెస్టరాల్‌ను తగ్గించునని 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు నిరూపించినారు. గుండె రక్తనాళములకు ముప్పు ఇదియే.

ఇక నెయ్యి సంగతి. ఆవు, గేదెల కడుపులోని సూక్ష్మజీవులు మేతనుండి కొద్దిపాటి ట్రాన్స్ కొవ్వును చేయును. అది పాలలోనికి, నెయ్యిలోనికి వచ్చును. కాని దాని పాలు స్వల్పము. అందలి ముఖ్యమైన రకము కూడ వేరు. సంగటిలో చెంచాడు నెయ్యి వేసికొనుటకు భయపడనక్కరలేదు. అయితే నెయ్యిలో సంతృప్త కొవ్వు అధికము గనుక మితము తప్పరాదు. హృద్రోగులు వైద్యుని సలహా ప్రకారము నడచుకొనవలెను.

2009లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షించిన వనస్పతులలో, డెన్మార్క్ విధించిన 2 శాతము హద్దుకు 5 నుండి 12 రెట్లు ట్రాన్స్ కొవ్వు కనబడినది. మన ప్రభుత్వము కూడ 2022 జనవరి 1 నుండి ఈ హద్దును 2 శాతమునకు దించినది. అయినను విడిగా అమ్ము మిఠాయికి చీటీ ఉండదు గదా! అందుచేత గృహిణులు ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. పఫ్‌లు, క్రీమ్ బిస్కెట్లు, బజారు మిఠాయిలు అరుదుగా మాత్రమే తినవలెను.

2. పొట్లముపై వనస్పతి లేక హైడ్రోజనేటెడ్ ఫ్యాట్ అని ఉన్నచో కొనరాదు.

3. బజ్జీలు వేచిన నూనెను మరల మరల కాచరాదు.

4. వంటకు చెనిక్కాయ నూనె, నువ్వుల నూనె మితముగా వాడవలెను.

మేదస్సు రాతిపై వ్రాత కాదు. మెల్లగా మారుచునే ఉండును. నేడు వనస్పతి మానినచో, రెండు మూడేండ్లలో మీ దేహమందలి నిలువ తగ్గును. ప్రక్కింటి ఇల్లాలికి నేను చెప్పినదియు ఇదియే: "నెయ్యి గిన్నె ఉండనీ అమ్మా, పఫ్‌ల పొట్లము మానిపించు!"