మీకు తెలుసా? సీసం లేకుండానే పీజో బలం!

గ్యాస్ లైటర్ నొక్కగానే లోపలి చిన్న సుత్తి ఒక సిరామిక్ ముక్కను ఠక్కున కొడుతుంది. ఆ దెబ్బకు వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ ఎగురుతుంది. అల్ట్రాసౌండ్ స్కానింగ్ ప్రోబ్‌లో ఉండేదీ ఇలాంటి పీజోఎలక్ట్రిక్ సిరామికే. ఎక్కువగా వాడే పీజెడ్‌టీ రకం బరువులో 60 శాతానికి పైగా సీసమే! పారేసిన పరికరాల నుంచి ఆ విషం మట్టిలోకి, నీళ్లలోకి చేరకూడదంటే ప్రత్యామ్నాయం కావాల్సిందే.

సీసం లేనివాటిలో పొటాషియం సోడియం నయోబేట్‌పై ఆశలెక్కువ. మామూలుగా కాల్చి చేస్తే అది న్యూటన్ బలానికి సుమారు 80 పికోకూలుంబుల విద్యుదావేశమే ఇస్తుంది. 2004లో జపాన్‌లోని టొయోటా పరిశోధకులు అందులో లిథియం, టాంటలం, యాంటిమొనీ చేర్చి, స్ఫటిక రేణువులన్నీ ఒకే దిశకు తిరిగేలా చేసి 416కు పెంచారు. ఎంత గొప్ప ముందడుగో చూడండి!

ఇలా చేర్చిన మూలకాల అయాన్లు పాతవాటి చోట చేరితే స్ఫటికం రెండు రూపాల సరిహద్దుకు వస్తుంది. అక్కడ విద్యుత్ ధ్రువాల దిశ తేలిగ్గా మారుతుంది. కానీ ఈ మార్పుతో పీజో గుణం నశించే ఉష్ణోగ్రత సుమారు 420 నుంచి 253 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అదే కొద్దిగా కాపర్ ఆక్సైడ్ కలిపితే సిరామిక్ తక్కువ వేడికే దట్టంగా గట్టిపడుతుంది, కంపించేటప్పుడు శక్తి నష్టమూ తగ్గుతుంది.