సాక్షి బోనులో నిలబడితే: టీవీ చూపనిది

టీవీ సీరియల్లో కోర్టు అంటే ఏం కనబడుతుంది? జడ్జి సుత్తి కొట్టి 'ఆర్డర్ ఆర్డర్' అంటాడు. సాక్షి భగవద్గీత మీద చెయ్యి పెడతాడు. ఆఖరి నిమిషంలో కొత్త సాక్షి ఒకడు ఊడిపడతాడు. వకీలు గొంతెత్తి నాలుగు డైలాగులు చెప్పగానే ముద్దాయి తల దించుకుని నేరం ఒప్పుకుంటాడు. గంటలో న్యాయం గెలుస్తుంది.

మన కోర్టుల్లో జడ్జి సుత్తి కొట్టడు. ప్రమాణానికి ఏ గ్రంథమూ అక్కర్లేదు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు ఎత్తకుండా నిజమే చెబుతానన్నా చెల్లుతుంది. సాక్షుల జాబితా చార్జిషీటుతోనే ముద్దాయి చేతికి పోతుంది. ఇవి చిన్న తేడాలు. అసలు తేడా వేరే ఉంది. టీవీలో కేసు మాటతో గెలుస్తుంది. కోర్టులో కాగితంతో గెలుస్తుంది, కాగితంతోనే ఓడుతుంది.

ఎట్లాగంటే, దెబ్బలు తిన్న మనిషి మొదట పోలీసులకు చెబుతాడు. వాళ్లు తమ భాషలో రాసుకుంటారు. విచారణలో రాసుకున్న ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. ఏళ్ల తర్వాత అదే మనిషి బోనెక్కి జరిగింది చెబితే, అవతలి వకీలు "ఈ ముక్క ఆనాడు పోలీసులకు చెప్పలేదు కదా, ఇప్పుడు కల్పించి చెబుతున్నావు" అంటాడు. సాక్షి అబద్ధమాడలేదు. రాసిన కాగితంలో ఆ ముక్క లేదు, అంతే. బోనులో చెప్పింది కూడా జడ్జి చెబుతుంటే టైపు అవుతుంది, చాలాసార్లు ఇంగ్లీషులో. పైకోర్టు సాక్షి ముఖం చూడదు, ఆ టైపు కాగితమే చదువుతుంది.

చుండూరు సంగతి చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. పోరాడితే ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు వచ్చింది. అయినా తీర్పు వచ్చేసరికి 2007 జులై 31. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, కొట్టినవాళ్లెవరన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదంది. దాని మీద అప్పీలు సుప్రీంకోర్టుకు పోయింది. కారంచేడులో చంపింది 1985 జులై 17న. హైకోర్టు కొట్టేసిన కేసులో సుప్రీంకోర్టు తిరిగి శిక్ష వేసింది 2008 డిసెంబరులో. ఇరవై మూడేళ్లు! ఏ సీరియలూ ఇంతకాలం నడవదు.

ఈ ఏళ్లన్నీ సాక్షి ఎక్కడ బతకాలి? అదే ఊళ్లో, అదే దొర పొలం పక్కన. ఉమ్మడి మెదక్ జిల్లా ఉన్నప్పుడు కౌడిపల్లి నుంచి జిల్లా కోర్టుకు సంగారెడ్డి పోవాల్సి వచ్చేది. వాయిదా ఉందంటే కూలి పోయినట్టే, బస్సు చార్జీ అదనం. పోయాక "జడ్జి గారు సెలవు, మళ్లీ రా" అంటే ఏం చేస్తాడు? సాక్షి ఎదురు తిరిగిండని నిందించే ముందు ఇది లెక్క వేయాలి.

చట్టం కొంత చేయూతనిచ్చింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల ప్రకారం దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి. సాక్షులకు దారి ఖర్చులు, భత్యం ఇవ్వాలి. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ బాధితులకూ సాక్షులకూ రక్షణ హక్కు ఇచ్చింది. చార్జిషీటు వేశాక వీలైనంత వరకు రెండు నెలల్లో విచారణ ముగించాలంది. అడిగేవాళ్లు లేకపోతే ఇవన్నీ పుస్తకంలోనే ఉంటాయి.

కాబట్టి కార్యకర్తలు తీర్పు రోజు నినాదాలకే కాదు, మొదటి రోజు స్టేషనుకే పోవాలి. ఫిర్యాదులో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ మాటతో తిట్టారో అచ్చంగా ఆ మాటే రాయించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, తీసుకోవాలి. బోనులో చెప్పింది చదివి వినిపించమని, తప్పుంటే దిద్దమని సాక్షి అడగొచ్చని ముందే చెప్పాలి. వాయిదా వాయిదాకూ ఒక మనిషి సాక్షి వెంట నడవాలి. వాయిదాల మధ్య ఊళ్లో అతను ఒంటరి కాకుండా చూసుకోవాలి.