ఊరెల్ల పాడు పాట

పాట వినుట వేఱు, పాడుట వేఱు. కచేరిలో గాయకుడొక్కడు పాడగా వేయిమంది మౌనముగా విందురు. ఊరి పండుగలో అట్లు కాదు; అచటికి వచ్చినవారందఱును పాటగాండ్రే. పటమట నేడు విజయవాడ నగరములోని భాగము. 1985లో నగరపాలక సంస్థలో కలియకముందు అదియు కృష్ణా డెల్టాలోని యొక గ్రామమే. ఇట్టి గ్రామములందు ధనుర్మాసమున గొబ్బిపాటలు, శ్రీరామనవమికి భజనలు, తిరునాళ్లలో కోలాటములు ఊరివారి గొంతులతోనే సాగుచు వచ్చినవి.

సిగ్గుపడువానిని గూడ పాడించు నేర్పు ఈ పాటల కట్టడిలోనే కలదు. భజనలో ముందుపాట పాడువాడొకడుండును. అతడొక చరణమును పాడి విడువగా తక్కినవారు దానినే మరల అందుకొందురు. పాట రానివాడు రెండవమాఱు పెదవి కదపును, మూడవమాఱు గొంతు కలుపును. పుస్తకముతో పనిలేదు. ఏకాహమన్న ఒక పగలు, ఒక రాత్రి. సప్తాహమన్న ఏడు దినములు నామము తెగక నడువవలెను. అంతసేపు ఒక్క విద్వాంసుడెట్లు పాడగలడు? ఊరివారు జట్టులు జట్టులుగా వంతులు పంచుకొననిదే అది సాగదు. కావున పాట వచ్చినవారు రానివారిని వెదకి తెచ్చి పక్కన కూర్చుండబెట్టుకొందురు. చేతికి తాళములిచ్చినచో పిల్లవాడు సైతము లయలో నిలుచును. శ్రుతిని మాత్రము తగ్గించి పట్టవలెను. ముందుపాటగాడు తన గొంతు గొప్ప చూపుటకై హెచ్చుశ్రుతి నెత్తుకొన్నచో వెనుకవారు నోరు మూసికొందురు. అట్టి గొప్పవారు ప్రతి యూరను ఒకరిద్దఱుందురు!

మైకులు వచ్చిన పిమ్మట ఈ పద్ధతికి చిక్కు కలిగెను. పందిటిలో ఒక్క గొంతు ఉరుమువలె మ్రోగుచుండగా ఎవరి పాట వారికే వినబడదు. పాడువాడు క్రమముగా వినువాడగును. గొబ్బిపాటలలో అనేకము వ్రాతకెక్కినవి కావు, అవ్వల నోటినుండి మనుమరాండ్ర నోటికి వచ్చినవి. ఒక్క తరము పాడుట మానినచో వాని జాడయే యుండదు. 1948లో విజయవాడలో నెలకొన్న ఆకాశవాణి కేంద్రము పాటను ఇంటింటికి చేర్చినది. అది మేలే; కాని రేడియో యెదుట తాళము తప్పినవానిని దిద్దువారెవరు? దూరదేశమైన ఎస్టోనియాలో 1869లో తార్తు పట్టణమున మొదలైన పాటల పండుగ నేటికిని నిలిచియుండుటకు, అచట వేలకొలది జనులు తామే పాడుటయే కారణము.

కోలాటములో జడకోపు ఈ విషయమును కన్నులకు గట్టించును. నడుమ ఎత్తున కట్టిన త్రాళ్లను ఆటగాండ్రు తలకొకటి ఒక చేతితో పట్టి, రెండవ చేత కోల ధరింతురు. పాటకు అడుగువేయుచు ఒకరు లోపలికి, ఒకరు వెలుపలికి అల్లుకొనిపోగా పైన జడ పేనుకొనును. అవే అడుగులు వెనుకకు వేసినచో జడ వీడును. ఇందు క్రొత్తవానిని ఇద్దఱు నేర్పరుల నడుమ నిలుపుట మేలు. వాడొక్కడు త్రోవ తప్పెనా, త్రాళ్లన్నియు చిక్కుపడును. అప్పుడు వానిని వెలుపలికి పంపి లాభము లేదు, వాని త్రాడును జడలోనిదే గదా! పాట నాపక, ఆ చిక్కు వీడువఱకు అందఱును వానితోగూడ వెనుకకు తిరుగవలసినదే.